ప్యాటర్న్ బ్రష్ ఎక్కడ తెగుతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షిక మొత్తాన్ని ఒకే విషయానికి కేటాయించాము. తాడు, గొలుసు, కుట్టు, ఆకుల అంచు వంటి వాటిని ఒక చిన్న ముక్కగా (దీన్నే టైల్ అంటారు) గీసుకుని, ఆ ముక్కను ఏ గీత వెంబడైనా వరుసగా పరచడానికి వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో (గీతలూ ఆకారాలతో బొమ్మలు తయారు చేసేదానిలో) ఉండే సాధనమే ప్యాటర్న్ బ్రష్. అడోబీ ఇలస్ట్రేటర్‌లో ఇది 1998లో విడుదలైన ఎనిమిదవ వెర్షన్ నుంచి ఉన్నది. అయినా సొంతంగా బ్రష్ తయారు చేసుకునేవారు నేటికీ ఇంచుమించు ఒకే చోట తడబడుతున్నారు. ఆఖరి ప్రశ్నను మినహాయిస్తే కింది జవాబులన్నీ ఇలస్ట్రేటర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ప్రశ్న: తాడులోని ఒక మెలికను గీసి ప్యాటర్న్ బ్రష్‌గా మార్చాను. తిన్నని గీత మీద పెట్టినా ప్రతి మెలిక తరువాతా సన్నని తెల్లటి సందు కనిపిస్తోంది. బ్రష్ ఆప్షన్లలో స్పేసింగ్ (ముక్కల మధ్య ఎడం) సున్నా శాతమే ఉంది. ఈ సందు ఎక్కడి నుంచి వస్తోంది?

జవాబు: మీరు చూస్తున్నది బొమ్మలో నిజంగా ఉన్న సందా, లేక తెర మాత్రమే చూపిస్తున్న సందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. దానిమీదికి జూమ్ చేసుకుంటూ వెళ్ళండి. 100 శాతం దగ్గర వెంట్రుకవాసి మందంలో ఉన్న గీత 1600 శాతం దగ్గర కూడా అంతే సన్నగా ఉన్నా, ఒక్కో జూమ్ స్థాయిలో ఒక్కో చోట కనిపించి మాయమవుతున్నా, ఆ సందు బొమ్మలో లేదు. జూమ్‌తో పాటు వెడల్పవుతూ వస్తే మాత్రం అది టైల్‌లోనే ఉంది.

మొదటి రకం సందుకు కారణం యాంటీ ఏలియాసింగ్, అంటే అంచులు మెట్లు మెట్లుగా కనిపించకుండా నునుపు చేసే ప్రక్రియ. ఒకదానినొకటి ఆనుకున్న రెండు టైళ్ళ అంచు సరిగ్గా ఒక పిక్సెల్ నడుమ నుంచి వెళ్ళిందనుకోండి. మొదటి టైల్ ఆ పిక్సెల్‌లో సగభాగాన్ని తన రంగుతో కప్పుతుంది. రెండవ టైల్ దాని మీద మళ్ళీ సగం పాలు కప్పుతుంది కానీ, అప్పటికి మిగిలి ఉన్నది సగమే కాబట్టి అందులో సగం మాత్రమే కొత్తగా నిండుతుంది. మిగిలిన నాలుగో వంతులో వెనుక ఉన్న తెలుపు తొంగిచూస్తుంది. ఇందులో మీ పొరపాటు ఏమీ లేదు. ప్రిఫరెన్సెస్‌లోని జనరల్ విభాగంలో యాంటీ ఏలియాస్డ్ ఆర్ట్‌వర్క్ అన్న ఎంపికను తాత్కాలికంగా తీసివేసి చూస్తే నిర్ధారణ అవుతుంది. బొమ్మను పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు యాంటీ ఏలియాసింగ్ వద్ద ఆర్ట్ ఆప్టిమైజ్డ్ అన్నదాన్ని ఎంచుకుంటే ఈ గీతలు చాలావరకు పోతాయి. అప్పటికీ మిగిలితే, ఆ గీత నకలు ఒకటి దాచుకుని, అసలుదాన్ని ఎక్స్‌పాండ్ అప్పియరెన్స్‌తో ఆకారాలుగా విడగొట్టి, ఒకే రంగులో ఉన్న భాగాలను పాత్‌ఫైండర్‌లోని యునైట్‌తో కలిపివేయండి. అతుకే లేని చోట సందుకు తావుండదు.

రెండవ రకం సందుకు మాత్రం బాధ్యత గీసినవారిదే. దీన్ని పట్టుకోవడానికి బ్రష్ ఆప్షన్ల పెట్టెను తెరవడం నా దృష్టిలో వృథా శ్రమ. బ్రషెస్ ప్యానెల్‌లో నుంచి ఆ బ్రష్‌ను పట్టుకుని ఆర్ట్‌బోర్డు మీదికి లాగి వదలండి. దానిని తయారు చేసిన అసలు ముక్క బయటికి వస్తుంది. ఇప్పుడు రంగులు లేకుండా గీతలను మాత్రమే చూపే ఔట్‌లైన్ వీక్షణకు మారి చూడండి. ముక్కకు కాస్త ఎడంగా, ఎప్పుడో పెన్ టూల్‌తో పొరపాటున నొక్కిన విడి బిందువు ఒకటి కనిపించవచ్చు. రంగూ గీతా లేకపోయినా అది కూడా బొమ్మలో భాగమే కాబట్టి టైల్ హద్దు అక్కడి వరకు సాగుతుంది, ఆ మేరకు ప్రతి మెలిక పక్కనా ఖాళీ ఏర్పడుతుంది. ఇటువంటి ఒకే ఒక్క బిందువు కోసం ఒక సాయంత్రమంతా స్పేసింగ్ విలువలను మారుస్తూ కూర్చున్న అనుభవం ఈ జవాబు రాస్తున్న వ్యక్తికీ ఉన్నది. సెలెక్ట్ మెనూలోని ఆబ్జెక్ట్ కింద స్ట్రే పాయింట్స్ అన్న ఎంపికతో అటువంటివన్నీ ఒక్కసారే ఎంపికవుతాయి, తొలగించవచ్చు.

అయితే హద్దును సాఫ్ట్‌వేర్ ఊహకు వదిలిపెట్టకుండా మీరే నిర్ణయించడం అన్నిటికంటే భద్రమైన పద్ధతి. టైల్ ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉండాలో సరిగ్గా అంతే కొలతలతో ఒక దీర్ఘచతురస్రం గీసి, దానికి ఫిల్ (లోపలి రంగు) గానీ స్ట్రోక్ (అంచు గీత) గానీ లేకుండా చేసి, అన్నిటికంటే వెనుకకు పంపండి. బొమ్మనూ, ఈ కనిపించని దీర్ఘచతురస్రాన్నీ కలిపి ఎంపిక చేసి బ్రషెస్ ప్యానెల్‌లోకి లాగితే, ఆ దీర్ఘచతురస్రమే టైల్ హద్దు అవుతుంది. దీర్ఘచతురస్రం వెనుక కాకుండా మధ్యలో ఎక్కడో ఉంటే ఈ పని జరగదు; చాలామంది మరచిపోయేది ఈ ఒక్క మెట్టే.

తాడు విషయంలో ఇంకొక షరతు కూడా ఉంది. టైల్ ఎడమ అంచును మెలిక ఏ ఎత్తులో తాకుతోందో కుడి అంచును కూడా అదే ఎత్తులో దాటాలి. కంటితో చూసి సరిచేయడం కుదిరే పని కాదు. మెలిక ఎంత దూరానికి ఒకసారి తిరిగి వస్తుందో నిర్ణయించుకోండి, ఉదాహరణకు 40 పాయింట్లు. ఒక మెలికను ఎంపిక చేసి, మూవ్ డైలాగ్‌లో అడ్డంగా 40, నిలువుగా 0 ఇచ్చి నకలు తీయండి; అదేవిధంగా మరొకటి కూడా తీయండి. ఇప్పుడు మూడు మెలికల వరుస మీద, నడిమి భాగంలో, సరిగ్గా 40 పాయింట్ల వెడల్పుతో ఒక దీర్ఘచతురస్రం పెట్టి పాత్‌ఫైండర్‌లోని క్రాప్‌తో కోయండి. అలా వచ్చిన ముక్క ఎడమ కొస, దాని పక్కన పడబోయే ముక్క కుడి కొసతో తప్పనిసరిగా కలుస్తుంది, ఎందుకంటే అవి రెండూ ఒకే మెలికను ఒకే చోట కోసిన రెండు పక్కలు. మెలికలకు ఫిల్ కాక స్ట్రోక్ మందం ఉంటే, కోయడానికి ముందే ఔట్‌లైన్ స్ట్రోక్‌తో ఆకారాలుగా మార్చుకోవాలి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా సందు వస్తుంటే, బ్రష్ ఆప్షన్లలోని ఫిట్ విభాగంలో యాడ్ స్పేస్ టు ఫిట్ ఎంపికై ఉందేమో చూడండి. స్పేసింగ్ సున్నా అయినప్పటికీ, గీత పొడవుకు టైళ్ళు సరిపోనప్పుడు ఈ ఎంపిక వాటి మధ్య ఖాళీని సమానంగా పంచుతుంది. పూసల వరుసకు అది చక్కగా ఉంటుంది కానీ తాడుకు పనికిరాదు. తాడుకు స్ట్రెచ్ టు ఫిట్ ఉండాలి.

ప్రశ్న: స్ట్రెచ్ టు ఫిట్ పెట్టుకున్నాను. ఇప్పుడు ఒక గీత మీద గొలుసు లింకులు పొడుగ్గా, మరొక గీత మీద పొట్టిగా వస్తున్నాయి. అన్నీ ఒకే కొలతలో ఉండేలా చేయలేమా?

జవాబు: టైల్‌ను చిన్నది చేస్తే ఈ తేడా కంటికి ఆనకుండా పోతుంది. లెక్క చూడండి. గీత పొడవు 210 పాయింట్లు, టైల్ వెడల్పు 60 పాయింట్లు అయితే మూడున్నర టైళ్ళు పట్టాలి. సగం టైల్ వేయడం వీలుకాదు కాబట్టి మూడు వేస్తే ఒక్కొక్కటి 70 పాయింట్లకు సాగాలి, నాలుగు వేస్తే 52.5కు కుంచించుకోవాలి. అదే టైల్ 20 పాయింట్లదైతే పదో పదకొండో పడతాయి. అప్పుడు ఒక్కొక్కటి 21 పాయింట్లకు సాగుతుంది, లేదా దాదాపు 19కి తగ్గుతుంది. ఈ తేడాను ఎవరూ గుర్తించలేరు. ఒక టైల్‌లో మూడు లింకులు పెట్టి ఉంటే ఒకటికి తగ్గించండి. వంపుల మీద కూడా దీనివల్ల మేలు జరుగుతుంది, ఎందుకంటే పొడవైన టైల్ ఇరుకు వంపులో లోపలి పక్క నలిగి, బయటి పక్క సాగి వికారంగా తయారవుతుంది.

ఫిట్ విభాగంలో మూడవది అప్రాక్సిమేట్ పాత్. ఇది టైళ్ళను సాగదీయకుండా, మొత్తం అంచునే గీతకు కొద్దిగా లోపలికో బయటికో జరిపి టైళ్ళ లెక్క సరిపెడుతుంది. దీర్ఘచతురస్రాకారపు ఫ్రేములకు తప్ప మరెక్కడా దీన్ని వాడవద్దు.

ప్రశ్న: గ్రేడియెంట్‌తో (ఒక రంగు నుంచి మరొక రంగుకు క్రమంగా మారే పూతతో) ఎంతో శ్రమపడి గీసిన ఆకును బ్రషెస్ ప్యానెల్‌లోకి లాగితే, బ్రష్‌లో వాడకూడని అంశం ఉందని చెప్పి తిరస్కరిస్తోంది. ఏమి తీసివేయాలో మాత్రం చెప్పడం లేదు.

జవాబు: గ్రేడియెంట్, బ్లెండ్, మెష్, గ్రాఫ్, క్లిప్పింగ్ మాస్క్ (ఒక ఆకారానికి వెలుపల ఉన్న భాగాన్ని దాచేది), ఇంతకు ముందే మరొక బ్రష్ తగిలించిన గీత, అక్షరాలుగానే ఉంచేసిన టెక్స్ట్: వీటిలో ఏది ఉన్నా ప్యాటర్న్ బ్రష్ ఒప్పుకోదు. ఫోటో వంటి చిత్రాల విషయంలో 2013లో వచ్చిన క్రియేటివ్ క్లౌడ్ వెర్షన్ నుంచి సడలింపు ఉన్నది కానీ, అది ఫైలులో ఎంబెడ్ చేసిన చిత్రాలకే వర్తిస్తుంది, బయట నుంచి లింక్ చేసినవాటికి కాదు.

మీ ఆకును ఎక్స్‌పాండ్ చేస్తే గ్రేడియెంట్ చిన్న చిన్న రంగుపట్టీలుగా విడిపోతుంది. ఎన్ని పట్టీలు కావాలో అక్కడే అడుగుతుంది. బ్రష్‌లో ఆకు చిన్నగానే కనిపిస్తుంది కాబట్టి ఐదారు చాలు, వందలు పెట్టుకుంటే ఫైలు నత్తనడక నడుస్తుంది. ఇంత చేశాక కూడా ఇలస్ట్రేటర్ మళ్ళీ తిరస్కరిస్తుంది. ఎక్స్‌పాండ్ చేసినప్పుడు పట్టీలను ఆకు ఆకారంలో నిలపడానికి ఒక క్లిప్పింగ్ మాస్క్ ఏర్పడుతుంది, అది కూడా నిషిద్ధాల జాబితాలోనిదే. ఆ మాస్క్‌ను రిలీజ్ చేసి, ఆకు ఆకారం పట్టీల కంటే పైన ఉండేలా చూసుకుని, అన్నిటినీ ఎంపిక చేసి పాత్‌ఫైండర్‌లోని క్రాప్‌తో కోసివేస్తే మిగిలేవి మామూలు ఆకారాలే. నన్నడిగితే, బ్రష్ కోసం గీసే ఆకుకు మొదటి నుంచీ మూడు నాలుగు చదునైన రంగులతోనే వెలుగునీడలు వేసుకోవడం ఇంతకంటే తేలిక, చూడడానికి కూడా శుభ్రంగా ఉంటుంది.

ప్రశ్న: నక్షత్రం ఆకారానికి నేను చేసిన అంచును పెట్టాను. కొసల దగ్గర రావలసిన మూల టైల్ లోపలి మడతల దగ్గర వస్తోంది. మొత్తం అంచు తలకిందులుగా ఉంది. అదే బ్రష్ దీర్ఘచతురస్రం మీద బాగానే ఉంది. మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రం మీద మాత్రం మూల టైల్ కనిపించనే లేదు. ఈ మూడింటికీ కారణం ఒకటేనా?

జవాబు: కాదు. మొదటి రెండింటికీ కారణం గీత నడిచే దిక్కు, మూడవది వేరే.

ప్రతి పాత్‌కూ, అంటే గీసిన ప్రతి గీతకూ, ఒక మొదలూ ఒక చివరా, వాటి మధ్య ఒక నడక ఉంటాయి, మూసివేసిన ఆకారానికైనా సరే. ఎడమ నుంచి కుడికి నడిచే గీత మీద టైల్ పై అంచు పైకే ఉంటుంది. కాబట్టి గడియారం ముల్లు దిశలో నడిచే ఆకారం చుట్టూ టైల్ పై అంచు ఎప్పుడూ బయటికి చూస్తుంది. గీత కుడికి తిరిగిన చోట ఔటర్ కార్నర్ టైల్, ఎడమకు తిరిగిన చోట ఇన్నర్ కార్నర్ టైల్ పడతాయి. మీ నక్షత్రం పాత్ ఎదురుదిశలో నడుస్తోంది. అందువల్ల కొసల దగ్గర అది ఎడమకు తిరుగుతోంది, టైళ్ళు లోపలికి ముఖం పెట్టాయి. ఆబ్జెక్ట్ మెనూలో పాత్ కింద ఉన్న రివర్స్ పాత్ డైరెక్షన్‌ను ఒక్కసారి నొక్కితే రెండు సమస్యలూ కలిసే పోతాయి. బ్రష్ ఆప్షన్లలో ఫ్లిప్ అక్రాస్ పెట్టి సర్దుకుందామని చూడవద్దు. అది ఈ నక్షత్రాన్ని సరిచేసి, బాగున్న దీర్ఘచతురస్రాన్ని పాడుచేస్తుంది.

మూల టైళ్ళు గీత వంపు తిరిగిన చోట కాదు, కార్నర్ యాంకర్ పాయింట్ (గీత విరిగే బిందువు) ఉన్న చోట మాత్రమే వస్తాయి. గుండ్రని మూలల్లో ఉండేవి స్మూత్ పాయింట్లు, అక్కడ గీత ఎక్కడా విరగడం లేదు కాబట్టి పక్క టైల్ వంగుకుంటూ సాగిపోతుంది. దీనికి తిరగేసిన సమస్య కూడా తరచుగా ఎదురవుతుంది: నున్నగా కనిపించే వంపు మధ్యలో అకస్మాత్తుగా ఒక మూల టైల్ ప్రత్యక్షమవుతుంది. అక్కడున్న యాంకర్ పాయింట్‌ను ఎంపిక చేసి చూస్తే దాని రెండు హ్యాండిళ్ళూ (వంపును నియంత్రించే పిడులు) ఒకే సరళరేఖలో లేకుండా ఇంచుక విరిగి ఉంటాయి. దానిని స్మూత్ పాయింట్‌గా మార్చండి.

మూల టైల్‌ను సొంతంగా గీసేవారికి రెండు నియమాలున్నాయి. అది చతురస్రం కావాలి, దాని ఎత్తు పక్క టైల్ ఎత్తుతో సమానంగా ఉండాలి. దాన్ని ఏ దిక్కుగా గీయాలో గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి నేను పాటించే ఉపాయం చెబుతాను. ఒక చతురస్రానికి నాలుగు అంచుల వెంబడి నాలుగు వేర్వేరు రంగుల పట్టీలు వేసి, దానిని మూల టైల్‌గా పెట్టి, మామూలు దీర్ఘచతురస్రం మీద పరీక్షించండి. ఏ రంగు బయటికి వచ్చింది, ఏ రంగు పక్క టైల్‌ను తాకింది అన్నది ఎదురుగానే కనిపిస్తుంది, ఆ ప్రకారమే అసలు బొమ్మను గీసుకోవచ్చు. గీసినదాన్ని ముందు స్వాచెస్ ప్యానెల్‌లో ప్యాటర్న్ స్వాచ్‌గా చేరిస్తేనే బ్రష్ ఆప్షన్లలోని మూల టైల్ జాబితాలో కనిపిస్తుంది. స్వాచ్ లేకుండా చేయదలచినవారు విండోస్‌లో ఆల్ట్, మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి ఉంచి, బొమ్మను బ్రషెస్ ప్యానెల్‌లో ఆ బ్రష్‌కు చెందిన మూల గడి మీదికి నేరుగా లాగవచ్చు.

ఇంత శ్రమ వద్దనుకుంటే 2013 నుంచి ఆటో కార్నర్లు ఉన్నాయి. సెంటర్డ్ ఒక టైల్‌ను సరిగ్గా మూల మీద పెట్టి మడుస్తుంది. బిట్వీన్ రెండు పక్కల టైళ్ళనూ మూల వరకు తెచ్చి అక్కడ కలుపుతుంది. స్లైస్డ్ చెక్క ఫ్రేమును కోసి అతికినట్లు మూలకోణంలో కోస్తుంది. ఓవర్‌ల్యాప్ ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తుంది. చారల అంచుకు స్లైస్డ్, పువ్వుల అంచుకు సెంటర్డ్ నప్పుతాయి. కోణం 90 డిగ్రీలకు దూరమయ్యే కొద్దీ చేతితో గీసిన మూల టైల్ అయినా వంకరపోతుందని గుర్తుంచుకోండి. మీ నక్షత్రపు వాడి కొసల మీద ఏ మూల టైలూ పూర్తి అందంగా రాదు.

ప్రశ్న: స్ట్రోక్ రంగు ఎన్ని మార్లు మార్చినా నా బ్రష్ నలుపులోనే ఉంటోంది.

జవాబు: బ్రష్ ఆప్షన్ల పెట్టెలో కలరైజేషన్ వద్ద నన్ అని ఉంటే బ్రష్ తన సొంత రంగులనే చూపిస్తుంది, స్ట్రోక్ రంగును పట్టించుకోదు. టింట్స్ అని మార్చండి. టింట్స్‌లో నలుపు భాగాలు స్ట్రోక్ రంగును పూర్తిగా తీసుకుంటాయి, బూడిద రంగువి అదే రంగులో లేత ఛాయలవుతాయి, తెలుపు తెలుపుగానే ఉంటుంది. మీ టైల్ నలుపులోనే ఉన్నది కాబట్టి ఇక చేయవలసింది ఏమీ లేదు. రెండు మూడు రంగులున్న టైల్ అయితే హ్యూ షిఫ్ట్ ఎంచుకుని, ఏ రంగు మారాలో కీ కలర్‌గా చూపించాలి.

ప్రశ్న: ఒక లోగో చుట్టూ కుట్టు అంచు వేసి, కార్డు కోసం దాన్ని సగానికి తగ్గించాను. లోగో తగ్గింది, కుట్లు మాత్రం అంతే పెద్దవిగా ఉండిపోయాయి. దాన్ని సరిచేయబోయి బ్రష్ స్కేలు మార్చితే పాత బొమ్మల్లోని కుట్లన్నీ కూడా మారిపోయాయి.

జవాబు: బ్రష్ పరిమాణాన్ని స్ట్రోక్ మందం నిర్ణయిస్తుంది. 1 పాయింట్ మందం వద్ద టైల్ మీరు గీసిన కొలతలోనే, 2 పాయింట్ల వద్ద రెట్టింపుగా, అర పాయింట్ వద్ద సగంగా ఉంటుంది. బొమ్మను తగ్గించినప్పుడు స్ట్రోక్ కూడా తగ్గాలంటే ప్రిఫరెన్సెస్‌లో స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్ ఎంపికై ఉండాలి. మీ లోగోకు ఇప్పుడు స్ట్రోక్‌ను 0.5 పాయింట్‌కు మార్చినా సరిపోతుంది.

రెండవ ప్రమాదం గురించి: బ్రష్ మీద డబుల్ క్లిక్ చేసి ఏదైనా మార్చినప్పుడు, ఆ మార్పును ఇప్పటికే వాడిన గీతలకు కూడా వర్తింపజేయాలా అని ఇలస్ట్రేటర్ అడుగుతుంది. చాలామంది చదవకుండానే అప్లై టు స్ట్రోక్స్ నొక్కేస్తారు. లీవ్ స్ట్రోక్స్ అంటే పాత గీతలు ఉన్నట్లే ఉంటాయి, మార్పులతో కొత్త బ్రష్ ఒకటి విడిగా తయారవుతుంది. ఒక్క గీతకే మార్పు కావాలంటే బ్రష్‌ను తాకనే వద్దు. గీతను ఎంపిక చేసి ప్యానెల్ అడుగున ఉన్న ఆప్షన్స్ ఆఫ్ సెలెక్టెడ్ ఆబ్జెక్ట్ గుర్తును నొక్కండి.

కార్డును ముద్రణకో, లేజర్ కటింగ్‌కో పంపేముందు ఒక నకలును ఎక్స్‌పాండ్ అప్పియరెన్స్ చేసి పంపడం మంచిది. కోత యంత్రానికి బ్రష్ అంటే తెలియదు, అది చూసేది నడుమ ఉన్న ఒంటి గీతను మాత్రమే.

ప్రశ్న: నిన్న చేసిన బ్రష్ ఈ రోజు కొత్త ఫైలులో కనిపించడం లేదు.

జవాబు: బ్రష్ ఏ ఫైలులో పుట్టిందో ఆ ఫైలుకే పరిమితం. నిన్నటి ఫైలు తెరిచి, బ్రషెస్ ప్యానెల్ మెనూలో సేవ్ బ్రష్ లైబ్రరీ ఎంచుకుని భద్రపరచండి. తరువాత ఏ ఫైలులోనైనా బ్రష్ లైబ్రరీల జాబితాలో యూజర్ డిఫైన్డ్ కింద అది దొరుకుతుంది. ముందుగా అనవసరమైన బ్రష్‌లను తొలగించుకుంటే లైబ్రరీ చెత్తగా తయారు కాదు. వాడుకలో ఉన్న బ్రష్‌ను తొలగించబోతే ఎక్స్‌పాండ్ స్ట్రోక్స్ కావాలా, రిమూవ్ స్ట్రోక్స్ కావాలా అని అడుగుతుంది. రెండవది నొక్కితే గీతలు మిగులుతాయి, వాటి మీది బ్రష్ పోతుంది.

ప్రశ్న: నేను ఇంక్‌స్కేప్ అనే మరొక వెక్టర్ సాఫ్ట్‌వేర్ వాడతాను. ప్యాటర్న్ అలాంగ్ పాత్‌తో రంగురంగుల పూసల గుంపును గీత వెంట పరచబోతే రంగులన్నీ పోయి ఒకే రంగులో ముద్దగా వస్తున్నాయి.

జవాబు: ఇంక్‌స్కేప్‌లో ఆ పేరుతో రెండు వేర్వేరు సాధనాలున్నాయి, మీరు వాడుతున్నది పాత్ ఎఫెక్ట్స్‌లో ఉన్నది. అది ప్యాటర్న్‌ను కేవలం ఒక పాత్ ఆకారంగా తీసుకుంటుంది, రంగును మాత్రం మీ గీత నుంచే తెచ్చుకుంటుంది. గీతను తరువాత ఎప్పుడు కదిపినా పూసలు దానితోపాటు కదలడం దాని సుగుణం. ఎక్స్‌టెన్షన్స్ మెనూలో జెనరేట్ ఫ్రమ్ పాత్ కింద ఉన్న రెండవ సాధనం గుంపులను వాటి రంగులతో సహా పరుస్తుంది. అయితే ఒకసారి పరచిన తరువాత అవి మామూలు ఆకారాలైపోతాయి, గీతను కదిపినా అవి కదలవు. అందుకని పూసల గుంపునూ గీతనూ ముందే నకలు తీసి పక్కన ఉంచుకోండి. గుంపు గీత కంటే పైన ఉండాలన్నది దాని నియమం. కింద ఉంటే గీతనే ప్యాటర్న్ అనుకుంటుంది. టైళ్ళు సాగకుండా కావాలంటే రిపీటెడ్, గీత పొడవుకు సరిపెట్టాలంటే రిపీటెడ్ స్ట్రెచ్డ్ ఎంచుకోండి. నిలువుగా గీసిన టైల్ అయితే ప్యాటర్న్ ఈజ్ వర్టికల్ గడిలో టిక్ పెట్టడం మరవద్దు.